మాస్టారు మీటరు పెట్టని మధ్యాహ్నం

నిన్న ఒక పాత యాంప్లిఫయర్ మూత విప్పగానే చేపలు కుళ్లినట్టు ఘాటైన వాసన వచ్చింది. లోపల గ్లాసంత కండెన్సర్ ఉబ్బిపోయి, అడుగున జిగురు కారుతోంది. నా చేయి దానంతట అదే వెనక్కి వచ్చింది. అవనిగడ్డలో సొంతంగా రిపేరు షాపు పెట్టుకుని తొమ్మిదేళ్లయినా ఆ వాసన తగిలితే గుండె గతుక్కుమంటుంది. ఆ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. బందరులో శేషగిరి మాస్టారు నేర్పారు.

డిప్లొమా చదివి, పెళ్లయి, పదేళ్లు ఇంట్లో ఉన్నాక ముప్పై రెండో ఏట ఆయన షాపులో పనికి చేరాను. అప్పటికే ఆయనకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. మొదటిరోజే ఒక యాంప్లిఫయర్ నా ముందు పెట్టి, "ప్లగ్గు పీకేశాం కదా అని లోపల చెయ్యి పెట్టేస్తావా?" అన్నారు.

"పెట్టొచ్చు కదండీ."

ఆయన కండెన్సర్ కాళ్లకు మీటరు ఆనించారు. మూడు వందల డెబ్బై ఓల్టులు! ప్లగ్గు తీసేసినా అది లోపల దాచుకున్న కరెంటుని పట్టుకునే ఉంది, ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

"చూశావామ్మా? ముందు దీన్ని ఖాళీ చెయ్యాలి. మీటరు సున్నా చూపించాలి. ఆ సున్నాని పైకి చదవాలి. అప్పుడే చెయ్యి."

కొత్తది వేసేటప్పుడు ప్లస్సు మైనస్సు తారుమారైతే పేలుతుందనీ, అందుకే పరీక్షించకుండా దేన్నీ గడప దాటించకూడదనీ చెప్పారు. నాలుగేళ్లు రోజూ ఆయన గొంతులో "సున్నా" అన్న మాట విన్నాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం వినలేదు. గుడివాడ నుంచి వచ్చిన యాంప్లిఫయర్ ప్లగ్గు తీసి, ఆయన నేరుగా లోపలికి చేయి పోనిస్తున్నారు.

"మాస్టారూ, మీటరు పెట్టలేదండీ."

"పెట్టాను. చూశాను."

చేయి ఆగలేదు. నేను ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. "నువ్వు నాకు నేర్పుతావా?" అని కసిరారు. రెండో చేత్తో మీటరు ఆనించాను. మూడు వందల ఎనభై. ఆ అంకెలు ఆయనా చూశారు.

"చూశాననే అనుకున్నానమ్మా," అన్నారు. అంతలోనే ఆయన ముఖం పాలిపోయింది. "పొద్దున హంసలదీవి భజన మందిరానికి పంపాం కదా... దానికి కండెన్సర్లు నేనే మార్చి ఉంటాను. పరీక్ష చేశామా?"

ఆ పొద్దున నేను ఆలస్యంగా వచ్చాను. నాకు తెలియదు. ఆయనకు గుర్తులేదు.

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మందిరం చూసుకునే నాంచారమ్మ గారు సాయంత్రం భజనలో ఆ పెట్టె పక్కనే కూర్చుంటారు. షట్టరు దించి అవనిగడ్డ బస్సెక్కాం. అక్కడ దిగి ఆటో ఎక్కాం. "ప్లస్సు ఎటు పెట్టానో ఎంత ఆలోచించినా కళ్లముందుకు రావట్లేదమ్మా," అని దారంతా అదే మాట అన్నారు. ఊరు దగ్గరపడుతుండగా మైకులో భజన వినిపించింది. తారుమారైనా కాసేపు పాడుతుంది, పేలేది ఆ తర్వాతే. వింటూ ఉండగానే పాట మధ్యలో మైకు మూగబోయింది. మాస్టారు నా చేయి పట్టుకున్నారు.

మందిరం చీకటిగా ఉంది. నాంచారమ్మ గారు విసనకర్రతో గుమ్మంలోకి వచ్చారు. "కరెంటు పోయిందండీ. ఏంటి మాస్టారూ, వానలో ఇంత దూరం వచ్చారు?"

మాస్టారు అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. నేను ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, ఖాళీ చేసి, సున్నా పైకి చదివి, టార్చి వెలుతురులో చూశాను. రెండు కండెన్సర్లూ సరిగ్గా ఉన్నాయి. ఒక్క అతుకు కూడా వంకపెట్టేలా లేదు.

"అంతా బాగుందండీ! ఎప్పటిలాగే ఉంది మీ పని," అని నవ్వేశాను.

ఆయన నవ్వలేదు. దగ్గరికి వచ్చి వంగి చూశారు. "బాగుందమ్మా. కానీ ఇది నేను చేసినట్టు నాకు గుర్తులేదు."

మైకు మూగబోయినప్పటి కంటే ఆ మాటకు ఎక్కువ భయపడ్డాను.

మర్నాడు ఆయన అతుకులు వేసే తన సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చారు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. "నా చెయ్యి పట్టుకోడానికి నువ్వున్నావు. రేపు నీకెవరుంటారో ఇప్పుడే చూసుకో," అన్నారు. రెండేళ్లకు పోయారు. చివరి రోజుల్లో నా పేరు కూడా ఆయనకు గుర్తొచ్చేది కాదు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. షాపులో నాతో భవాని పనిచేస్తుంది. "నేను చూశానంటే నమ్మకు, నువ్వూ చూడు," అని చేరినరోజే చెప్పాను. మొహమాటపడింది కానీ అలాగే చేస్తోంది. ఒక్కోసారి కోపం వస్తుంది, మింగేస్తాను. రోజూ సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు, "ఇవాళ నేనేమైనా మర్చిపోయానా?" అని అడుగుతాను.

"లేదక్కా," అంటుంది.

ఆ మాట వినేదాకా షట్టరు దించను.