ఆట ఉన్ననాడు చేతులు కుట్టను

నేను టైలర్‌ని. నారాయణఖేడ్‌లో బస్ డిపో వెనక వీధిలో మా ఇంటి ముందుగదే నా షాపు. మా ఆయన మనూర్ వైపు ఊళ్లకు షేర్ ఆటో నడుపుతాడు. ఏడో తరగతి చదివే కూతురు, షుగర్ ఉన్నా చాయ్‌లో చక్కెర తగ్గనివ్వని అత్తమ్మ. వీళ్లు కాక, ఇంగ్లండులో ఎర్ర చొక్కాలు వేసుకుని ఫుట్‌బాల్ ఆడి ఓడిపోయే పదకొండు మంది. వాళ్ల బాధ్యత కూడా నాదేనని నా నమ్మకం. ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

ఈ పిచ్చి చిన్నప్పుడు మిషనరీల హాస్టల్లో అంటుకుంది. అక్కడి ఆటల టీచరమ్మ మాకు ఫుట్‌బాల్ నేర్పింది. ఉరకడానికి బద్ధకమై నేను గోల్‌కీపర్‌గా నిలబడ్డాను. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి అత్తమ్మకు గొప్పగా చెప్పుకున్నాను. ఆమె పొయ్యి వైపు చూసి, "బంతిని పట్టేదానివా? కండ్ల ముంగట పాలు పొంగిపోతుంటె పట్టకపోతివి," అంది.

రాత్రుళ్లు వచ్చే ఆటలు నేను చూడను. పొద్దున లేచి ఫలితం చదువుకుని, మొహం మాడ్చుకుని దోసెలు పోస్తాను. ఆదివారం చర్చిలో లోకమంతటి క్షేమం కోసం ప్రార్థిస్తూ, నడుమ మా డిఫెండర్ల కోసం ఒక్క ముక్క కలుపుతాను. ఆ ఒక్క ముక్కకే ఇంతవరకు జవాబు రాలేదు. కానీ కొన్ని శనివారాలు సాయంత్రం ఐదింటికే ఆట ఉంటుంది. ఆ రోజు ఫోన్ దారాల డబ్బాకు ఆనించి, కాళ్లు మిషన్ మీద, కళ్లు ఆట మీద పెడతాను. హాఫ్ టైంలో బిడ్డను ట్యూషన్ నుంచి తెచ్చి, కుక్కర్ పెట్టి, ఆరేసిన బట్టలు తీస్తాను. ఆ పదిహేను నిమిషాల్లో నేను ఉరికినంత మావాళ్లు ఆటంతా కలిపినా ఉరకరు.

పోయిన ఏడాది పెళ్లిళ్ల కాలంలో, బోరంచ వైపు నుంచి ఒక తల్లి తన బిడ్డ పెళ్లి జాకెట్టు కుట్టమని ఇచ్చింది. ఆకుపచ్చ పట్టు, చేతుల నిండా మగ్గం వర్కు. సోమవారం పెళ్లి. శనివారం ఆరింటికి ఇస్తానన్నాను. ఐదింటికల్లా చేతులు ఎక్కించడం ఒక్కటే మిగిలింది. అది కళ్లు మూసుకుని కుట్టే పని అనుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఫోన్ మీద ఉన్నాయి. మావాళ్లు గోల్ కొట్టినప్పుడు ఒక చెయ్యి ఎక్కించాను. నీలం చొక్కాలవాళ్లు సమం చేసినప్పుడు రెండోది.

సరిగ్గా ఆరింటికి తల్లీబిడ్డలు వచ్చారు. పెళ్లికూతురు లోపల జాకెట్టు తొడుక్కుని, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు చేతులు సగం ఎత్తుకుని బయటికి వచ్చింది.

"అక్కా, చేతులు కిందికి దిగుతలేవు."

చూడగానే నాకు అర్థమైంది. కుడి చెయ్యి ఎడమకు, ఎడమది కుడికి కుట్టాను. బట్టే అట్లాంటిదని చెప్పబోయాను. గడప దగ్గర ఎల్లిపాయలు ఒలుస్తున్న అత్తమ్మ నాకా అవకాశం ఇవ్వలేదు.

"బట్టకేం రోగం? గా బంతాట చూసుకుంట కుట్టింది."

తల్లి నా మీదికి వచ్చింది. "ఎల్లుండి లగ్గం పెట్టుకొని నేను పరేషాన్ అయితుంటె, నువ్వు బంతాట చూస్తున్నవా?"

"తప్పు నాదే. ఒక్క గంట కూసోండ్రి, విప్పి మళ్ల కుడ్త," అన్నాను. తలెత్తలేకపోయాను.

అప్పుడు పెళ్లికూతురు మెల్లగా అడిగింది. "స్కోరెంత అక్కా?"

"ఒకటి ఒకటి."

"నాది నీలం టీము."

బిడ్డ ఎవరితోనో లేచిపోతానని చెప్పినట్టు చూసింది తల్లి.

నేను ఫోన్ బోర్లించి, పూసలు రాలకుండా కుట్లు విప్పడం మొదలుపెట్టాను. పెళ్లికూతురు ఆ ఫోన్ తీసుకుని నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీవాడు ఒకడు కిందపడ్డడు అక్కా."

"దెబ్బ తాకిందా?"

"లే, నటిస్తుండు."

అత్తమ్మ చాయ్ పెట్టింది. తల్లి వద్దంది, తర్వాత తాగింది, ఆ తర్వాత ఫోన్‌లోకి తొంగిచూసింది. "గా నల్లంగి ఆయన ఎవలి దిక్కు?"

"ఎవలి దిక్కు గాదమ్మా, తీర్పు చెప్తడు."

"మరి ఉట్టిగ గంతగనం ఎందుకు ఉరుకుతుండు?"

చివర్లో నీలం వాళ్లు ఇంకో గోల్ కొట్టారు. ఆ పిల్ల నా ఇంట్లో, నా ఫోన్ పట్టుకుని, నా ఓటమికి ఎగిరి గంతేసింది. సూది నా వేలికి గుచ్చుకుంది. కుట్టడం మాత్రం ఆపలేదు.

జాకెట్టు మళ్లీ తొడిగించాం. చేతులు దిగాయి. తల్లి వదల్లేదు. దండం పెట్టించింది, తలంబ్రాలు పోసినట్టు చేతులు ఎత్తించింది. అన్నీ సరిపోయాక ఒక్క మెచ్చుకోలు మాట అనకుండా బిడ్డను తీసుకుని బస్సెక్కింది. ఈ కథ మాత్రం ఊరూరా చెప్పింది. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు "ఇయ్యాల ఆట ఉన్నదా?" అని అడిగాకే సంచీ విప్పుతున్నారు. అత్తమ్మ కూడా చట్టం చేసింది. ఆట ఉన్ననాడు హుక్కులు, చీర ఫాల్‌లే కుట్టాలి, చేతుల జోలికి పోవద్దు. మొదట చిన్నతనమనిపించింది. తర్వాత చూస్తే, ఆటను ఇంట్లోవాళ్లు ఒక పనిగా లెక్కలోకి తీసుకోవడం అదే మొదలు.

పెళ్లయిన నెలకు ఆ పిల్ల మెసేజ్ పెట్టింది. "మా ఆయనది మీ ఎర్ర టీమే అక్కా. రోజు ఏడ్పిస్తున్న."

ఆ మనిషిని నేను చూడనే లేదు, అయినా జాలేసింది. "పాపం, జర మెల్లగ ఏడ్పియ్యి," అని జవాబు పెట్టాను.