మరియఫలం

మా వాడలో బల్ల ఒక్కటే ఉండేది. దానికి ఉద్యోగాలు మాత్రం రెండు. సోమవారం నుంచి శనివారం దాకా మా అత్తమ్మ దాని మీద గడ్డి పరిచి సీతాఫలాలు మాగేసేది. ఆదివారం పొద్దున్నే పళ్ళనూ గడ్డినీ కిందికి దించి, బల్లను కడిగి, నెత్తికెత్తుకుని ప్రార్థన గదికి మోసుకెళ్ళి తెల్లగుడ్డ పరిచేది. అంతటితో అది ప్రభువు బల్ల. నెలకోసారి దాని మీద రొట్టే ద్రాక్షరసమూ పెట్టి పాస్టరు అయ్యగారు అందరికీ పంచేవారు. దాన్నే మావాళ్ళు ‘బల్ల తీసుకోవడం’ అంటారు. ఎంత రుద్ది కడిగినా ఆ చెక్కకు పట్టిన పళ్ళ వాసన పోయేది కాదు. ఇప్పటికీ ఏ గుడిలో బల్ల తీసుకున్నా నా ముక్కు ముందుగా సీతాఫలం కోసమే వెతుకుతుంది. ఏం చేయను, అలవాటైపోయింది.

మాది కొత్తగూడకూ రాయదుర్గానికీ నడుమ చిన్న ఊరు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు అన్నీ గుండ్లే, ఏనుగులంత రాళ్ళు. గుండ్ల సందుల్లో ఎవరూ నాటని, ఎవరూ నీళ్ళు పోయని సీతాఫలం చెట్లు. డెబ్భైల మొదట్లో నేను ఆ ఊరికి కోడలిగా వచ్చాను. సికింద్రాబాద్ పిల్లను. ఎనిమిదో తరగతి చదివానన్న పొగరు, దానికి తోడు నోటి దురద. ఆ దురద వల్లే ఈ కథంతా జరిగింది.

ఆ బల్ల మా మామయ్యది. ఆయన ఒక దొరగారి బంగళాలో వంట చేసేవాడట. దొరగారు ఊరు విడిచి పోతూ, ఒక కాలు పొట్టిదని బల్లను ఆయనకిచ్చి పోయారట. ఆ పొట్టికాలి కింద ఒక రాతి చిప్ప పెడితేనే బల్ల కుదురుగా నిలబడేది. ఆ చిప్ప ఎటు తిప్పి పెట్టాలో అత్తమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

విచిత్రమేమిటంటే, బల్ల మోసేది అత్తమ్మ, గుడ్డ ఉతికేది అత్తమ్మ, గిన్నెలు కడిగేది అత్తమ్మ, బల్ల తీసుకునే భాగ్యం మాత్రం ఆమెకు లేదు. ఎందుకంటే బాప్తిస్మం కాలేదు. బాప్తిస్మం కావాలంటే సంఘపెద్ద ముందు పది ఆజ్ఞలు అప్పజెప్పాలి. ఏడెనిమిదేండ్లు వరసగా ఆమె పదో ఆజ్ఞ దగ్గరే తప్పింది. పొరుగువాని ఎద్దును ఆశించకూడదు అనే చోటికి రాగానే ఆగి, “మన వాడల ఎడ్లు ఉన్నోడు ఎవడున్నడు తమ్మీ, ఆశపడనీకి?” అని అడిగేదట. పెద్దాయన తల అడ్డంగా ఊపి, వచ్చే ఏడాది రమ్మనేవాడట.

నేను వచ్చాక మిరపకాయలు దంచుతూ రోకటిపోటుకు ఒక ఆజ్ఞ చొప్పున ఆమెకు నేర్పాను. ఆ ఏడాది వానలకు చెరువు నిండగానే అత్తమ్మ ఎక్కడా ఆగకుండా, ఎడ్ల గురించి అడగకుండా మొత్తం అప్పజెప్పింది. చెరువులో మునిగి లేచింది. ఇక మొదటి బల్ల తీసుకోవడమొక్కటే మిగిలింది. దానికోసం ఒక తెల్లచీర కొనుక్కుని పెట్టెలో దాచుకుంది. రోజుకోసారి పెట్టె తెరిచి చూసుకుని మూసేది. ఆ ముఖం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, కళ్ళలో నీళ్ళూ వచ్చేవి.

సంఘపెద్ద గురించి చెప్పాలి. అత్తమ్మ కన్నా నాలుగైదేండ్లు చిన్నవాడు. మంచివాడే, కాదనను. ఎవరింట్లో జ్వరమొచ్చినా దవాఖానకు తోలుకపోయేది ఆయనే. కానీ పాపాన్ని పేనులాగా వెతికేవాడు. మన తలలో లేకపోయినా దువ్వి దువ్వి ఒకటైనా తీసేవాడు. పట్నం నుంచి ఆదివారం సైకిలు మీద వచ్చే అయ్యగారు కోస్తా మనిషి, కుర్రవాడు, మెత్తని మాట. ఒక ఆదివారం ఆయన పాత నిబంధన చదువుతూ, వేరే దేవతల పేర్లు నోట రానీయకూడదని ఒక మాట చదివారు. చదివి, ప్రార్థన చేసి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆ మాట మాత్రం పెద్దాయన పట్టుకుని కూర్చున్నాడు.

ఇగ చూడండి మా అవస్థ. సంఘంలో సగంమందివి పాత పేర్లే, అన్నీ దేవతల పేర్లే. దాంతో పేరు పెట్టి పిలిచే దిక్కు లేకపోయింది. “ఓ నల్లసైకిలన్నా,” “ఓ మూలింటి వదినా” అని పిలుచుకునేవాళ్ళం. “శనివారం అనొచ్చా పెద్దాయనా?” అని అడిగాను ఊరుకోకుండా. ఆయన చాలాసేపు ఆలోచించి, “ఆదివారం ముందటి రోజు అను” అన్నాడు. ఆదివారంలో ఉన్నది కూడా సూర్యుడి పేరే. ఆ ముక్క చెబితే ప్రార్థనే ఆగిపోతుందని నోరు కుట్టుకున్నాను.

ఒకనాడు మా పందిరి ముందు నుంచి పోతూ ఆయన ఆగాడు. అత్తమ్మ పళ్ళు ఏరుతోంది.

“అక్కా, గివాటిని నువ్వు పట్నంల ఏమని అమ్ముతవు?”

“ఏమని అమ్ముత? సీతాఫలాలని.”

పెద్దాయన రెండు చెవులూ మూసుకున్నాడు. “వద్దక్కా. బాప్తిస్మం అయినదానివి. నీ నోట్లకెళ్ళి ఆ పేరు రావద్దు.”

“పండు పేరు తమ్మీ అది!”

“అందుల పేరున్నదా లేదా?”

అత్తమ్మ నోరు తెరుచుకుని నా వైపు చూసింది. అప్పుడు నేను ఊరుకోవచ్చు కదా! వెటకారంగా, “మరియఫలం అని అమ్మితే సరి, పెద్దాయనా. రామములక్కాయను యోసేపు ములక్కాయ అందాం” అన్నాను. రామములక్కాయ అంటే టమాటా. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, “మంచి మాట చెప్పినవ్ బిడ్డా, దేవుడే పలికిచ్చిండు” అన్నాడు. మరుసటి ఆదివారానికి అది సంఘం నియమమై కూర్చుంది. నా తల గుండుకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ వారం నేనూ అత్తమ్మతో పట్నం పండ్ల బజారుకు వెళ్ళాను. గంప దించి ఆమె గొంతు సవరించుకుని, “మరియఫలమమ్మా, మరియఫలం!” అని అరిచింది. ఎవరూ తిరిగి చూడలేదు. ఒకాయన ఆగి, “ఏం ఫలమమ్మా అది? సీతాఫలం కాదా?” అన్నాడు. “చూస్తె తెల్వదా?” అంది అత్తమ్మ. “పేరు మార్చిండ్రంటే ఏదో మతలబున్నది” అనుకుంటూ ఆయన పక్క గంప దగ్గరికి పోయాడు. బురఖా వేసుకున్న ఒకామె వంగి చూసి, “సీతాఫల్ హైనా యే?” అంటే, అత్తమ్మ ఔననలేదు, కాదనలేదు, తల గుండ్రంగా తిప్పింది. ఆమె భయపడి వెళ్ళిపోయింది. జ్వరానికి పనిచేస్తుందా అని ఇంకొకరు అడిగారు.

మధ్యాహ్నమైంది. మాగిన సీతాఫలం ఎవరికోసమూ ఆగదు. ఒక్కొక్క పండూ నోరు తెరుస్తోంది, ఈగలు ముసురుతున్నాయి. అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆకాశం వైపు చూసి, “ప్రభువా, నువ్వు జర చెవులు మూసుకో” అంది. ఆ తర్వాత గుండ్లు పగిలేటట్టు ఒక్క కేక వేసింది.

“సీతాఫలమమ్మా! గుండ్ల సీతాఫలం! చక్కెర తుంటలు!”

అరగంటలో గంప ఖాళీ. ఖాళీ గంప ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి అప్పుడే కొన్న నశ్యం డబ్బీ చేతిలో పట్టుకుని పెద్దాయన నిలబడి ఉన్నాడు. డబ్బీ మూత టక్కున మూసి, వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారమే బల్ల. అత్తమ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి తెల్లచీర కట్టుకుంది. ఆ కొత్త చీరతోనే బల్లను నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది. రాతి చిప్ప పెట్టింది, గుడ్డ పరిచింది. ఏళ్ళ తరబడి వెనక గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, ఆరోజు మొదటి వరుసలో కూర్చుంది. అయ్యగారు రొట్టే గిన్నే చేతుల్లోకి తీసుకున్నారు. అప్పుడు లేచాడు పెద్దాయన.

“అయ్యగారూ, అక్కకు ఇయ్యాల బల్ల లేదు. బజార్ల నలుగురి ముంగట అన్యుల దేవత పేరు పెట్టి అరిచింది. నా చెవులార ఇన్న. మూడు నెలలు బల్ల లేదు.”

ఆ పిచ్చి పేరు పుట్టించింది నేను. లేచి చెప్పాలి. ఎప్పుడూ ఊరుకోని నా నాలుక ఆ ఒక్క నిమిషం అంగిట్లో అతుక్కుపోయింది. దానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

అత్తమ్మ మెల్లగా లేచింది. “నాకు బల్ల లేదా తమ్మీ?”

“లేదక్కా.”

“మూన్నెల్లా?”

“మూన్నెల్లు.”

“గట్లెట్ల? బల్ల నాదే గదా!”

అంటూనే గుడ్డ తీసి మడత పెట్టి పెద్దాయన చేతిలో పెట్టింది. వంగి, బల్లను నెత్తికెత్తుకుంది. గుమ్మం దాటి నడిచిపోయింది. ఆ మాట ఆమెకు నిజంగా అర్థం కాలేదా, అర్థమయ్యే చేసిందా అన్నది నేను ఆమె బతికున్నన్నాళ్ళూ అడిగాను. “నీకు తెల్వదా?” అని నవ్వేదే తప్ప చెప్పలేదు.

ఇక్కడ అయ్యగారి గతి ఏమిటి? ఒక చేతిలో రొట్టె, ఒక చేతిలో నిండు గిన్నె. పెట్టడానికి చోటు లేదు. కింద పెట్టకూడదు. “అమ్మా! అమ్మగారూ! ఆగండి, ఇవి ఎక్కడ పెట్టాలండీ?” అంటూ ఆమె వెంట నడిచారు. ఆయన వెనక పెద్దాయన, ఆయన వెనక సంఘమంతా. దారిలో వాకిలి ఊడుస్తున్న ఒకామె చీపురు ఆపి, “ఏందమ్మా, ఇయ్యాల మీ దేవుణ్ణి ఊరేగిస్తున్నరా?” అంది. “కాదమ్మా, బల్లను ఇంటికి తోలుకపోతున్న” అంది అత్తమ్మ, తల కదలకుండా.

మా పందిరి కింద, రోజూ ఉండే చోటనే బల్లను దించింది. పొద్దున పళ్ళతో సహా దించిన గడ్డి కుప్ప అక్కడే ఉంది. అది సరిగ్గా బల్ల కిందికి వచ్చింది. చేతులు నొప్పెట్టిన అయ్యగారు ముందూ వెనకా చూడకుండా రొట్టే గిన్నే దాని మీద పెట్టేశారు. రాతి చిప్ప ప్రార్థన గదిలోనే ఉండిపోయిందిగా! బల్ల ఒరిగింది, గిన్నె జారింది. “అయ్యయ్యో!” అని అయ్యగారు కేక వేసేలోపే పెద్దాయన ఒక్క దూకు దూకి, గడ్డిలో మోకాళ్ళు వేసి పొట్టికాలును రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. మనిషి మాత్రం అక్కడే ఇరుక్కుపోయాడు, వదిలితే గిన్నె పోతుంది.

నా నాలుక అప్పుడు అంగిట్లోంచి ఊడివచ్చింది. “అయ్యగారూ, మరియఫలం అన్నది నేను. ఆటకు అన్న. పాపం ఉంటే నాకు రాయండి, మా అత్తమ్మకు బల్ల ఇయ్యండి” అని ఏడ్చేశాను.

అయ్యగారికి ఏమీ అర్థం కాలేదు. “ఏ ఫలమండీ?” అన్నారు. అందరం తలా ఒక ముక్క చెబితే అప్పటికి తెలిసింది. ఆయన ముఖం ఎర్రబడింది.

అత్తమ్మ బల్లకు ఆనుకుని నిలబడి అడిగింది. “అయ్యగారూ, నేను సదువుకోలేదు. ఒక్క మాట చెప్పుండ్రి. నా పాపాలన్నీ మాఫ్ చేసినోడు, పండు పేరుకు పరేషాన్ అయితడా?”

అయ్యగారు తలవంచుకున్నారు. “తప్పు నాదేనమ్మా. చదివాను, అర్థం చెప్పకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాను. మనల్ని విడిపించినవాడు మళ్ళీ మన నాలుకలకు తాళ్ళు కట్టడండి” అన్నారు. రొట్టె విరిచి మొదటి ముక్క ఆమెకే ఇచ్చారు.

అత్తమ్మ రెండు చేతులూ పట్టింది. గంపలు మోసి మోసి గట్టిపడిన చేతులు అవి. గిన్నె అందుకుని తాగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేనైతే వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. సరిగ్గా అప్పుడు బల్ల కింద నుంచి ‘పచక్’మని చప్పుడైంది. మోకాలు సర్దుకోబోయి పెద్దాయన ఒక మాగిన పండును చిదిపేశాడు.

“అయ్యో! సీతాఫలం!”

తన మాట తనకే వినబడింది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అత్తమ్మ వంగి బల్ల కిందికి చూసింది.

“తమ్మీ, ఎన్ని నెలలు?”

పెద్దాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. “మూడు, అక్కా” అన్నాడు గొణుగుతూ. పాపం, ఆయన నిజంగానే అన్నాడు. తన నియమం తనకూ వర్తిస్తుందనే మనిషి.

అత్తమ్మ కొత్త తెల్లచీరతోనే గడ్డిలో మోకాళ్ళు వేసింది. ఆయన చేతులను పక్కకు తోసి, పొట్టికాలును తను పట్టుకుంది.

“లే. నేను పట్టుకుంట. నువ్వు పోయి బల్ల తీసుకో.”