ఫోర్కు మీద నల్లరంగు

మొన్న మడికొండలో మా అమ్మాయి వాళ్ల ఫ్లాటుకు వెళ్లినప్పుడు, బాల్కనీలో బట్టలారేసిన తీగ కింద మా అల్లుడి గేర్ల సైకిలు కనిపించింది. ఒళ్లు తగ్గించుకుంటానని కొని, నెల రోజులు తొక్కి, రెండు వానాకాలాలు అట్లాగే వదిలేశాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులోనే స్ప్రింగులుంటాయట, గుంతల్లో పడ్డా చేతులు అదరవట. ఇప్పుడా గొట్టాల మీద తుప్పు చుక్కలు, సందుల్లోంచి కారిన జిడ్డు. విప్పించి సర్వీసు చేయించాలా, గాలి కొట్టించి తొక్కేయొచ్చా అని అల్లుడు నన్ను సలహా అడిగాడు. మామూలు మాటే. నేను మాత్రం మంచినీళ్ల కోసమన్నట్టు లోపలికి వెళ్లిపోయాను.

డెబ్బైల నాటి సంగతి. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో ఇంట్లో సైకిలుంటే అదీ ఒక మనిషి కింద లెక్క. పెళ్లిచూపులకు వెళ్లాలన్నా, పురుటి నొప్పుల కబురు చేరవేయాలన్నా చుట్టుపక్కల వాళ్లు మన గడపలోకే వచ్చేవారు. మా సైకిలు మా నాన్నది. నాన్న పోయాక అమ్మా నేనూ తిన్న ప్రతి ముద్దా మా అన్న చేతులదే. అన్న కొత్తవాడలో మా ఇంట్లోనే, నేల మీద పరిచే జంఖానాలు నేసేవాడు. ఇనుప పళ్ల పంజాతో పోగును దించి కొడుతుంటే ఆ దెబ్బ వీధి చివరి దాకా వినిపించేది, ఆ చప్పుడును బట్టే అన్న పనిలో ఉన్నాడో, బీడీకి లేచాడో వంటింట్లోంచి అమ్మ చెప్పేసేది. నేను హనుమకొండ చౌరస్తాలో ఒక బట్టల దుకాణంలో కుదిరాను కనుక సైకిలు రోజూ నాదే. వారానికోసారి, నేసిన జంఖానాలను క్యారియర్‌కు కట్టి సేటుకు అప్పజెప్పే రోజు మాత్రం అన్నకు ఇచ్చేవాణ్ణి.

ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందర సైకిలు ముందు భాగంలో కిర్రు కిర్రుమని చప్పుడు మొదలైంది. మా వీధి మెకానిక్ పెద్దాయనను అందరం కాకా అనేవాళ్లం. ఆయన ముందు చక్రాన్ని లేపి, అటూ ఇటూ ఊపి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"బిడ్డా, ఫోర్కు ఇప్పి చూడాలె. మెడకాడ నాకెందుకో అనుమానంగున్నది. రెండు రోజులు ఇడిసిపెట్టి పో."

పండుగ కాగానే తెస్తానన్నాను. దుకాణంలో గిరాకీ ఎక్కువని చెప్పాను గానీ, నిజానికి రెండు రోజులు నడవటానికి బద్ధకించాను, తోటి గుమాస్తాల ముందు కాలినడకన వెళ్లటం నామోషీ అనుకున్నాను. అంతే కారణం.

దసరా వచ్చింది. సైకిలు కడిగి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేయటం మన దగ్గర ఆనవాయితీ కదా. ముందు రోజు కిరసనాయిలు గుడ్డతో ఫోర్కు తుడుస్తుంటే మెడ దగ్గర వెంట్రుకంత గీత కనిపించింది. గోటితో గీరితే గోరు తట్టుకుంది. అది పగులేనని నాకు తెలిసింది. తెలిసి కూడా, పండుగ పూట పాతదానిలా కనిపించకూడదని, నల్ల ఎనామిల్ రంగు తెచ్చి రెండు పూతలు పూశాను. పైన పటారం, లోన లొటారం. మర్నాడు అన్న దాని చుట్టూ తిరిగి చూసి మురిసిపోయి, "తమ్మీ, కొత్తదాని లెక్క చేసినవ్ గదరా" అన్నాడు.

పండుగైన నాలుగు రోజులకు అన్న పంక్చరు కోసం కాకా దగ్గరికి వెళ్లాడట. మెరుస్తున్న ఫోర్కు చూసి, ఇంకెక్కడో బాగు చేయించుకున్నామనుకుని కాకా కొంచెం నొచ్చుకున్నాడట. అంతా మా తమ్ముడే చేశాడని అన్న గర్వంగా చెప్పాడట. ఆయన ఇక విప్పి చూడలేదు.

ఆ వారమే, జంఖానాల బరువుతో ములుగు రోడ్డు వైపు దిగుడులో వెళ్తుంటే ఫోర్కు మెడ దగ్గర విరిగింది. అన్న కుడిచేయి కింద పడేలా పడ్డాడు. దవాఖానలో కట్టు విప్పాక ఎముకైతే అతికింది గానీ మణికట్టు తిరగలేదు, పిడికిలి బిగియలేదు. ఆయన నెలల తరబడి రోజూ పొద్దున్నే మగ్గం ముందు కూర్చుని పంజా పట్టుకోవటం, అది జారి పడటం, మళ్లీ పట్టుకోవటం నేను తలుపు చాటు నుంచి చూశాను. ఒక రోజు కూర్చోవటం మానేశాడు. అమ్మ సైకిలును తిట్టిపోస్తుంటే అన్న అడ్డుపడ్డాడు.

"సైకిల్నేమనకే అమ్మా. తమ్ముడు పానం పెట్టి చేసిండు. నా నసీబే గట్లున్నది."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఎనభైలు వచ్చేశాయి. అన్న కేసముద్రంలో ఒక ధాన్యం గోదాముకు కావలి కుదిరి, ఎడమ చేత్తో ముద్ద కలుపుకోవటం అలవాటు చేసుకుని, నా పెళ్లి తానే దగ్గరుండి చేసి, ఒక చలికాలం ఉన్నట్టుండి పోయాడు. పోయేదాకా నన్ను పనిమంతుడనే నలుగురికీ చెప్పాడు. ఆ మెప్పు నేను వింటూ ఊరుకున్నాను.

ఇప్పుడు కొత్తవాడ సందుల్లో నడుస్తుంటే మగ్గాల చప్పుడు దాదాపు లేదు. మిల్లు బట్ట వచ్చిందనీ, పిల్లలు ఆ పనికి రావటం లేదనీ, కాలం మారిందనీ పాతవాళ్లు నిట్టూరుస్తారు, నేనూ వాళ్లతో పాటు తల ఊపుతాను. మా ఇంటి మగ్గం ఆగిన సంగతి ఎత్తినప్పుడు మాత్రం కాలాన్ని ఒక్క మాట అనటానికి నాకు నోరు రాదు.