నాలుగు సీసాల్లో పట్టని నురుగు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది నన్ను తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి బదిలీ చేశారు. హోదా ఆహార భద్రతా అధికారి. పదవీ విరమణకు మూడేళ్ళే మిగిలాయి కనుక కాపురం మార్చలేదు. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో ఇంటికి చేరేవాణ్ణి. కోవిల్‌పట్టి అంటే వేరుశనగ చిక్కీలు, అగ్గిపెట్టెలు. బెల్లం పాకంలో ఈగలు, నూనె డబ్బాల మీద తేదీలు చూసుకుంటూ ఉద్యోగం ప్రశాంతంగా ముగిసిపోతుందనుకున్నాను. చేరిన రెండో నెలలో నాయకర్ బార్ మీద అర్జీ వచ్చింది.

ఆ బార్ ఊళ్ళో అందరికీ తెలిసినదే. పాత లాడ్జి కింద అంతస్తులో పొడుగాటి బల్లలు, స్టీలు పళ్ళేలు, గోడకు రెండు ఫ్యాన్లు. యజమాని రామసామి నాయకర్‌కి అరవై దాటాయి. మా వైపు తెలుగు కుటుంబమే. బజారులో అరవం, ఇంట్లో తెలుగు. అక్కడికి జనం తాగడానికి వచ్చేవారని చెప్పడం సగం నిజమే. మిగతా సగం పళ్ళెంలో ఉండేది. చుక్క అనే మిరియాల మటన్ వేపుడు, పొడిమాసు అనే ఉల్లిపాయ వేసిన గుడ్డు పొరటు, నూనెలో వేయించి తుంచిన పరోటా. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా రిటైరైన శ్రీనివాసన్ లాంటి పెద్దమనుషులు ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని మూడు పళ్ళేలు ఖాళీ చేసేవారు.

అలాంటి బార్‌ని నాయకర్ అల్లుడు కార్తిక్ తిరగేశాడు. బెంగళూరులో హోటళ్ళలో పదేళ్ళు వంట చేసి వచ్చినవాడు. బల్లలు పోయి కుర్చీలొచ్చాయి, గోడకి నల్లరంగు వచ్చింది, బయట ‘గ్యాస్ట్రోపబ్’ అని, అంటే తిండికి పేరున్న బార్ అని, బోర్డు వెలిగింది. బోర్డు పెట్టిన మొదటి వారంలో పక్కనున్న కయత్తారు నుంచి ఒక రైతు ‘గ్యాస్ట్రో’ అన్న మాట చూసి కడుపునొప్పితో వచ్చి, డాక్టరుగారు ఎన్నింటికి కూర్చుంటారని అడిగాడట. కార్తిక్ ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపాడని శ్రీనివాసన్ ఊరంతా చెప్పుకున్నాడు.

అర్జీ అరవంలో, చక్కని చేతిరాతలో ఉంది. కింద ‘బాధ్యత గల పౌరుడు’ అని తప్ప పేరు లేదు. సారాంశం ఇది: ఆ బార్‌లో కోడికూర మీద సబ్బు నురుగు పోసి వడ్డిస్తున్నారు, నీలం మూత డబ్బాలోని పొడితో ఆ నురుగు తయారు చేస్తున్నారు, ప్రజల ప్రాణాలకు ముప్పు.

బార్లలో సీసాల అనుమతి ఎక్సైజ్ వాళ్ళ పని, పళ్ళెం మా పని. ఒక మధ్యాహ్నం వెళ్ళి గుర్తింపు కార్డు చూపించి, ఆ కోడికూర తెప్పించమన్నాను. నల్లరాతి పళ్ళెంలో నాలుగు ముక్కలు, వాటి మీద తెల్లగా, తుమ్మితే ఎగిరిపోయేంత తేలికగా నురుగు. అది మజ్జిగ నురుగని కార్తిక్ చెప్పాడు.

నమూనా తీయడానికి మాకో పద్ధతి ఉంది. పదార్థాన్ని సాక్షి ఎదుట నాలుగు సమాన భాగాలు చేసి, నాలుగు సీసాల్లో పెట్టి, కాగితం చుట్టి, దారం కట్టి, లక్క సీలు వెయ్యాలి. ఒకటి విశ్లేషకుడికి వెళుతుంది, తక్కినవి తగాదా వస్తే పనికొస్తాయి. సాక్షిగా సంతకం చేస్తారా అని అడిగితే శ్రీనివాసన్ కళ్ళజోడు తుడుచుకుని మరీ ముందుకొచ్చాడు. చెంచాతో నురుగు ఎత్తి మొదటి సీసాలో వేశాను. రెండోది నింపేసరికి మొదటిది సగమైంది. నాలుగోదానికి మూత బిగించి చూస్తే మొదటి సీసా అడుగున రెండు చుక్కలు. మళ్ళీ నురుగు తెప్పించాను. కార్తిక్ ఎంతో మర్యాదగా మూడుసార్లు తెచ్చాడు. మూడుసార్లూ అదే జరిగింది. చివరికి ఉన్నదానికే సీలు వేశాను. ఆ సీసాలో ఏముందని సంతకం చెయ్యాలి అని శ్రీనివాసన్ అరవంలో అడిగాడు. ఇందాక ఉన్నదానికి చెయ్యమన్నాను.

విశ్లేషకుడి జవాబు ఒక్క వాక్యం: సీసాలో తేమ తప్ప పరీక్షించదగిన పదార్థం లేదు. జిల్లాలో మాకు పై అధికారిని నియుక్త అధికారి అంటారు. వయసులో నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు. ఫోన్ చేసి, ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మీరు నురుగుకు సీలు వేశారా, పొడికి కదా వెయ్యాల్సింది అన్నాడు.

రెండోసారి ముందు గుమ్మంలోంచి వెళ్ళలేదు. వంటింటి వెనకనున్న సందులోంచి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ రెండు పెద్ద స్టీలు క్యారియర్లతో లోపలికి వస్తోంది. మూత తీయమంటే మిరియాల వాసన సందంతా నిండింది. ఆవిడ పేరు రాజమ్మ. పుట్టిల్లు విరుదునగర్. నాయకర్ బార్‌లో జనం ఇప్పటికీ మెచ్చే పాత వంటకాలన్నీ బార్‌లో వండినవి కావనీ, మూడు వీధుల అవతల రాజమ్మ ఇంట్లో కట్టెలపొయ్యి మీద వండి తెచ్చినవనీ ఆ క్షణంలో తెలిసింది. బార్‌కి ఆహార లైసెన్సు ఉంది. రాజమ్మ ఇంటికి మాత్రం ఏ కాగితమూ లేదు. అమ్మడానికి వండే ఇల్లు ఎంత చిన్నదైనా మా దగ్గర నమోదై ఉండాలి.

ముందు వచ్చిన పని కానిద్దామని పొడి డబ్బా అడిగాను. కార్తిక్ మామగారి గదిలోకి వెళ్ళి బీరువా తాళం తీసి తెచ్చాడు. నీలం మూత. బీరువాలో ఎందుకు పెట్టారంటే, బయట పెడితే రాజమ్మక్క గిన్నెలు తోమే పొడి అనుకుంటుందని భయమట. ఈ డబ్బా ఎవరెవరు చూశారని మామూలుగా అడిగాను. నేను, మామయ్య, అంతే అన్నాడు.

నేను పక్కనే నిలబడ్డ నాయకర్ వైపు చూశాను. ఆయన ఫ్యాన్ వైపు చూశాడు.

పొడిని నాలుగు భాగాలు చేసి సీలు వేసి, రాజమ్మ సంగతి రాయడానికి కలం తీసేసరికి నాయకర్ నన్ను సందులోకి పిలిచాడు. అంతవరకూ అరవంలో సార్ అన్న మనిషి తెలుగులోకి దిగాడు.

“తమ్ముడూ, రాజమ్మను రాసేయొద్దండి. ఆమె ఏం తప్పు సేసింది?”

“అర్జీ రాజమ్మ మీద కాదు కదండీ, నురుగు మీద.”

“ఆమా, అవును. ఆ అర్జీ పెట్టింది నేనే.”

“మీ బార్ మీద మీరేనా? ఏలండీ?”

“ఏం సేసేది తమ్ముడూ? బిడ్డనిచ్చిన సోట నోరెత్తలేం గద. అల్లుణ్ణి పట్టుకోని, మాప్పిళ్ళా, ఈ నురగ ఒద్దు అని నేనెట్ల సెప్పేది? గవర్మెంటు సెప్తే ఇంటాడని రాసినా.”

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అర్జీదారు పేరు బయటపెట్టనని మాటిచ్చాను. కళ్ళతో చూసింది రాయకుండా ఉండడం మాత్రం నా చేతిలో లేదన్నాను. మెరుగుదల నోటీసు రాసిచ్చాను. అంటే శిక్ష కాదు. లోపం దిద్దుకోవడానికి ఇచ్చే గడువు. నమోదయ్యేదాకా రాజమ్మ వంట బార్‌లో వడ్డించకూడదు.

ఆ పర్యవసానం నాయకర్ ఊహించలేదు. మర్నాటి నుంచి మటన్ చుక్క లేదు, పరోటా లేదు, నురుగు మాత్రమే ఉంది. శ్రీనివాసన్ తన పళ్ళెంలోకి చూసి, ఇది తినాలా, గడ్డానికి పూసుకోవాలా అని అడిగాడట. నాలుగు రోజుల్లో సగం కుర్చీలు ఖాళీ.

దరఖాస్తు ఇవ్వడానికి రాజమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“నలబై ఏండ్లుగా నా సేతి కూర తిని ఒగనికైనా కడుపు నొచ్చిందా? సెప్పండి సార్. సోపు నురగవాణ్ణి ఇడిసిపెట్టి నా వాకిటికి వచ్చినారా?”

మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ పొయ్యి మీదే పెంచిందని శ్రీనివాసన్ చెప్పగా విన్నాను. దరఖాస్తు గుమ్మం మీద పెట్టి వచ్చేశాను. ఆవిడ దాన్ని తాకుతుందని అనుకోలేదు.

తాకింది కార్తిక్. అందరూ దుమ్మెత్తిపోస్తున్న ఆ కుర్రాడే మర్నాడు ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని ఫోన్లో దరఖాస్తు నింపాడు. బావి నీళ్ళు పరీక్షకు పంపాడు. ఆవిణ్ణి స్కూటర్ మీద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి ఆరోగ్య ధ్రువపత్రం రాయించాడు. ఈ తిరుగుళ్ళలో ఒక రోజు తన నురుగును ఆవిడకు రుచి చూపించాడు. ఆవిడ నాలుక మీద వేసుకుని చప్పరించి, “దీంట్లో ఉప్పు లేదు, పెరుంగాయం లేదు. గాలి తింటాండారా మీరు?” అందట. పెరుంగాయం అంటే ఇంగువ. మజ్జిగకు తనే తాలింపు వేసి, ఇప్పుడు నురుగు తియ్యి అంది.

గడువులోపలే నమోదు వచ్చింది. రాజమ్మ మటన్ చుక్క మీద ఇంగువ తాలింపు నురుగు ఒక గరిటెడు వడ్డించారు. శ్రీనివాసన్ మొదటి పళ్ళెం ఖాళీ చేశాడు. రెండోది తెప్పించుకున్నాడు. నాయకర్ మాత్రం నురుగును పక్కకు నెట్టి ముక్కలు తినేవాడు, అల్లుడు చూడనప్పుడు.

పొడి మీద విశ్లేషకుడి నివేదిక కూడా వచ్చింది: సోయా నుంచి తీసినది, అనుమతించిన పదార్థమే, హానికరం కాదు. దాని నకలు బార్‌కి పంపడం నా విధి, పంపాను. వారం తర్వాత చూస్తే కార్తిక్ దాన్ని అద్దం బిగించి గోడకు తగిలించాడు. మెనూలో నురుగు పక్కన ‘ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షించినది’ అని అచ్చు వేయించాడు. మా నివేదికను ప్రచారానికి వాడకూడదు కనుక, ఆ బార్‌కి నేనిచ్చిన రెండో నోటీసు ఆ వాక్యం తీసేయమనే. నురుగు ఆపాలని అర్జీ పెట్టిన నాయకరే ఆ నోటీసు అందుకుని సంతకం చేశాడు. సంతకం పెడుతూ నా వైపు చూడలేదు.

మిగిలిన సర్వీసులో కొత్తగా చేరిన అధికారులకు శిక్షణ ఇచ్చినప్పుడు ఈ ఉదంతం చెప్పేవాణ్ణి, పేర్లు మార్చి. అర్జీ వేలు చూపించిన పళ్ళెం దగ్గర తనిఖీ ఆగదు. ఒకసారి లోపలికి అడుగుపెట్టాక అర్జీదారు దాచుకోవాలనుకున్నది కూడా మన కంట పడుతుంది, పడ్డదాన్ని రాయక తప్పదు. అందుచేత ఎవరైనా పొరుగువాడి మీదో, అల్లుడి మీదో అర్జీ ఎలా రాయాలని నన్ను సలహా అడిగితే, ముందు మీ వంటింటి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయా అని అడిగేవాణ్ణి. చాలామంది మళ్ళీ రాలేదు.