మాస్టారు ఒప్పుకోని లెక్క

మా పాథాలజీ మాస్టారు పోయారని మొన్న మంగళవారం కాలేజీ నుంచి ఫోను వచ్చింది. వెన్నలాంటి మనిషండీ అన్నారు చెప్పినవాళ్ళు. నాకు మాత్రం ఆ వెన్న ఎప్పుడూ తగల్లేదు. ఆయన మీద కోపం ఆయనతోపాటు పోలేదు, అబద్ధం చెప్పను.

రెండువేల ఒకటి, రెండుల్లో ఆయన దగ్గర పరిశోధన చేశాను. పోస్టుమార్టంలో తీసిన గుండె కండను పల్చగా కోసి రంగులు పట్టిస్తే కండ ఎర్రగా, పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ నీలంగా కనిపిస్తాయి. ఫోటోలో నీలం ఎంత భాగముందో కంప్యూటరే లెక్కగట్టేలా ప్రోగ్రాం రాశాను. రోజూ తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు కాలేజీకి ప్యాసింజర్‌లో వచ్చి ఎనిమిది నెలలు దానిమీదే కూర్చున్నాను.

మాస్టారు గొంతు పెంచేవారు కాదు. అండీ అంటూనే తోలు తీసేవారు. "ఏవండీ, ఇది మెలకువగా ఉండే చేశారా?" అని పదిమందిలో అడిగేవారు. "మీ మెషీనుకి కళ్ళున్నాయండీ, చూపే లేదు." రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చేదాన్ని.

చివరికి థీసిస్ మీద సంతకం పెట్టలేదు. రక్తనాళాల చుట్టూ సహజంగా ఉండే నీలాన్ని కూడా నా ప్రోగ్రాం మచ్చలో కలిపేసింది. ఆ సంగతి ఆయనకు మూడు నెలల ముందే తెలుసు. "మీరే పట్టుకుంటారని ఆగానండీ," అన్నారు. ఏడాది పోయింది. తప్పు నాదే. అయినా ఆ మూడు నెలల మౌనాన్ని ఇవాళ్టికీ క్షమించలేదు.

తర్వాత డిగ్రీ వచ్చింది, ఏలూరులోనే స్కాన్ సెంటర్లో చేరాను. కిందటేడు ఆయనే సీడీ పట్టుకుని వచ్చారు. హైదరాబాదులో తీయించుకున్న సొంత గుండె స్కాన్. ఆయనకు గుండెపోటు వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది.

"అక్కడ కంటితో చూసి చెప్పారండీ. మచ్చ ఎంతో మీరు కొలవాలి."

"నా లెక్క మీరు ఒప్పుకోరు కదండీ," అన్నాను, కసిగానే.

ఆయన సీడీ నా ముందు పెట్టారు. ఆ స్కాన్‌లో మచ్చ తెల్లగా కనిపిస్తుంది. కొలిచాను. గుండె ఎడమ గోడలో దాదాపు సగం. మళ్ళీ కొలిచినా అంతే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూశారు.

"లెక్క సరిగ్గా కట్టారండీ."

ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే పళ్ళు నూరుకుంటూ కాచుకున్నాను. "ఇంకోసారి చూడండి మాస్టారూ, ఎక్కడో తప్పుంటుంది," అని నేనే బతిమాలాను.

"లేదండీ," అన్నారు.

గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన రోడ్డు దాటుతుంటే కొల్లేరు చేపల లారీ ఒకటి నీళ్ళు చిమ్ముకుంటూ పక్కనుంచి పోయింది. చొక్కా అంతా తడిసినా చూసుకోలేదు. నా లెక్క రాసిన సీడీ మాత్రం తడవకుండా తలపైకి ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.