అల్లుడి మాట నమ్మని గోవిందస్వామి

పుంగనూరు గోవిందస్వామికి ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా "నిజమా?" అంటాడు. పెళ్లిచూపుల్లో పిల్ల పేరు అమరావతి అని చెబితే, అప్పుడూ అదే అడిగాడట.

అలాంటి మహానుభావుణ్ని ఏరికోరి మదనపల్లెలో ఒక గదిలో కూర్చోబెట్టారు. కుప్పం దగ్గర శిక్షణ విమానాలు దిగే రన్‌వేను అక్కడినుంచే కెమెరాల్లో చూస్తూ, పైలట్లకు రేడియోలో దారి చెప్పాలి. సాయానికి మాట్లాడే కంప్యూటర్ ఒకటి. గోవిందస్వామి దానికి 'అల్లుడు' అని పేరు పెట్టాడు.

"ఏసీలో కూసుంటాడు, సలహాలిస్తాడు, మనం ఎదురు సెప్పకూడదు. ఇంకేమనాల?"

కొత్తగా చేరిన సుష్మకు మాత్రం కంప్యూటర్ మాట వేదం. "రన్‌వే ఖాళీ" అని అది చెప్పగానే ఆమె తలూపేది. పక్కనే ఏనుగులు తిరిగే అడవి కాబట్టి, గోవిందస్వామి రన్‌వే దగ్గరి వాచ్‌మన్ సిద్దప్పకు ఫోన్ కొట్టేవాడు.

"ఏనుగుల్లేవంటాండాడు అల్లుడు. నిజమా?"

"ఇప్పుడే గదా సార్ అడిగితిరి! అంతలోనే ఏనుగు యాడనుంచి వస్తాది?"

ఈయనకు ఉద్యోగమిచ్చిన మేధావి ఎవరా అని సుష్మ రోజూ ఆశ్చర్యపోయేది.

ఒక ఉదయం రమ్యశ్రీ అనే విద్యార్థిని మొదటిసారి ఒంటరిగా విమానం నడుపుతోంది. దిగబోయి, భయపడి, మళ్లీ పైకి లేపేసింది. రెండోసారీ అంతే. కంప్యూటర్ అదే గొంతుతో "రన్‌వే ఖాళీ, దిగవచ్చు" అంటూనే ఉంది.

గోవిందస్వామి సుష్మ చేతిలోని మైకు లాక్కున్నాడు. రేడియోలో ఇంగ్లీషే మాట్లాడాలన్న రూలును పక్కకు నెట్టేశాడు.

"అమ్మా, గాలి లేదంటాండాడు మా అల్లుడు. నాకు నమ్మకం లేదు. నువ్వే సూసి సెప్పు."

"లేదు సార్... జెండా కదలడం లేదు."

"నిజమా? రన్‌వే ఆడనే ఉండాదా, యాడికన్నా పోయిందా?"

రేడియోలో చిన్న నవ్వు. "ఉండాది సార్!"

"అయితే దిగు తల్లీ. నేను సూస్తాండా."

విమానం రన్‌వేకు తగిలి రెండుసార్లు బంతిలా ఎగిరి, నేలకు అతుక్కుంది. సుష్మ ఊపిరి పీల్చుకుంది.

"గాలి సంగతి స్క్రీన్ మీదే ఉంది కదా సార్?"

"ఉండాది. అల్లుడు తప్పు సెప్పడమ్మా, నాకు తెలుసు. కానీ ఆ పిల్ల నమ్మాల్సింది వాణ్ని కాదు, తన కండ్లను. అడిగేవాడుంటేనే గదా సూసుకునేది!"

మధ్యాహ్నం పెద్దాఫీసర్ నుంచి ఫోన్. సుష్మే ఎత్తింది.

"రేడియోలో ఎవరో తెలుగులో కబుర్లు చెప్పారట. కంప్యూటర్ రిపోర్టిచ్చింది!"

సుష్మ గొంతు సవరించుకుంది.

"కంప్యూటర్ చెబితే నమ్మేశారా సార్?"