కుళాయికి రాగం తీసిన సాయంత్రం

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. అంటే, ఏ పని అడిగినా ‘రాదు’ అనడం నాకు రాదు. మనామా అనే అరబ్బు పట్నంలో, ఒక చిన్న కళాకేంద్రంలో కుర్చీలు వేయడం, మైకులు సరిచూడడం నా డ్యూటీ. ప్రొబేషన్ ఇంకా నడుస్తోంది. మేనేజరు గారు పక్కా చేయకపోతే వీసా ఖలాస్, నేను ఇంటికి. అలాంటి సమయంలో ఒక ఇటలీ కవయిత్రి వస్తోందన్నారు. ఆవిడ తన భాషలో చదువుతుంది, వెంటనే ఇక్కడుండేవాళ్ల భాషల్లో ఒక్కొక్కరు అనువాదం చదవాలి. “తెలుగులో నువ్వు చేస్తావా?” అన్నారు మేనేజరు గారు. ఇటలీ ఎటో తెలియని నేను “చేస్తా సార్” అన్నాను.

ఆవిడ పంపిన ఇంగ్లీషు ప్రతి పట్టుకుని నయీమ్ పేటలోని మా గదిలో కూర్చున్నాను. (అనువాదమంటే మూలంతో వివాదమని అప్పుడే తెలిసింది.) కవిత మొత్తం ఇంతే: కుళాయి కారుతోంది, ఇంట్లో ఎవరూ లేరు, అయినా కారుతోంది. నేను చదువుతుంటే, నాతోపాటు ఉండే మేనమామ విన్నాడు. మామ ఇక్కడ డ్రైవరే గానీ, ఊళ్లో పద్యనాటకాల్లో రాజు వేషం కట్టినవాడు. “ఏందిరా, వార్తలు సదివినట్టు సదువుతున్నవ్? కవిత్వమంటే రాగం తియ్యాలె.” “మామా, ఇది పద్యం కాదు, కుళాయి.” “కుళాయైతే ఏంది, దానికి దుఃఖముండదా? గొంతు ఇప్పు!”

కార్యక్రమం రోజు మేనేజరు గారు నన్ను పక్కకు పిలిచి, “ఆవిడకు నిశ్శబ్దం ముఖ్యం. చప్పట్లు కూడా చివర్లోనే. ఏదైనా తేడా వచ్చిందో...” అని ఆపేశారు. (ఆ చుక్కల్లో నాకు విమానం టికెట్టు కనిపించింది.) కవయిత్రి గుసగుసగా చదివింది. అరబ్బీ పెద్దాయన గంభీరంగా చదివాడు. నా వంతు వచ్చింది. మామూలుగానే మొదలుపెట్టాను గానీ, వెనక వరసలో మా గదివాళ్లతో కూర్చున్న మామ “లేపు, లేపు” అన్నట్టు చెయ్యి ఆడిస్తున్నాడు. అంతే, “కుళాయీ...” అని ఎత్తుకున్నాను. ఆ రాగం ఏయే వీధులు తిరిగిందో గానీ, “కారుతోందీ” దగ్గరకు వచ్చేసరికి వరదైంది. ముగించానో లేదో, “వన్స్ మోర్!” అని మామ కేక. గదివాళ్లంతా అందుకున్నారు.

కవయిత్రి చేతిలోని కాగితం దించింది. మేనేజరు గారి మొహం పాలిపోయింది. “ఎందుకు అరుస్తున్నారు?” అని ఆవిడ నన్నే అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నాను: “నచ్చింది మేడమ్. మా వైపు పద్యం నచ్చితే వదలరు. వేదిక మీద రాజు చచ్చి పడున్నా సరే, లేచి మళ్లీ పాడి చావాల్సిందే.”

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి పకపకా నవ్వింది. “ఇన్నేళ్లలో నన్నెవరూ మళ్లీ చదవమనలేదు” అంటూ మైకు ముందుకొచ్చి, తన కవిత మళ్లీ చదివింది, ఈసారి గట్టిగా. (చివర్లో కాస్త సాగదీసింది కూడా, ఒట్టు.) తరువాత నన్నూ మళ్లీ పాడమంది.

జనం వెళ్లాక మేనేజరు గారు, “రేపు నీ కాగితాలు కఫీల్‌కు పంపిస్తున్నా” అన్నారు. (కఫీల్ అంటే మన వీసా పూచీదారు; ఉంచడమూ పంపడమూ ఆయన చేతిలోనే.) “నన్నూ పంపించేస్తారా సార్?” “కాదయ్యా, పక్కా చేస్తున్నాం!” ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడ్డాను. “సూసినవా,” అన్నాడు మామ మీసం సవరించుకుంటూ, “రాజు వేషం ఊకెనే పోదు.”

ఇప్పుడు అనువాదాలు కాస్త పద్ధతిగా చేస్తున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. జనం మర్యాదగా వింటారు. ఒక్కోసారి మాత్రం, చేతులు రెండూ చాచి, ఎక్కడో ఉన్న ఖాళీ ఇంటి కోసం మైకు మీద పడి రాగం తీసి ఏడ్చిన ఆనాటి నేను, ఆ బక్కవాడు, గుర్తొస్తాడు. కవిత నిజంగా అర్థమైంది వాడికేనేమోనని అనుమానం. నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.